రెండు ముళ్ళ పచ్చ

పోయిన వారం ఒక దశదినకర్మ కార్డు వచ్చింది. కార్డు మీద రంగుల ఫొటో. పెద్దయ్యాక తెల్ల చొక్కా తప్ప మరొకటి తొడగని మనిషికి ఫొటో స్టూడియోవాళ్ళు నీలం కోటు తొడిగి ఎర్ర టై కట్టారు. కింద పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని ఆ పేరు చదివితే ఎవరో పరాయివాళ్ళదిలా తోచింది. మా ఇంట్లో ఏడేళ్ళు కిరాయికి ఉన్న మనిషిని నేను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. గల్లీలో అందరూ కంప్యూటర్ సారు అనేవాళ్ళు. నేను బిడ్డా అనేదాన్ని, కోపం వస్తే ఏందయ్యా అనేదాన్ని. కనుక ఇక్కడా పేరు రాయను.

కోటు బాగుందని మా కోడలు అన్నది. ఆ మనిషి తెల్ల చొక్కాలే ఎందుకు తొడిగేవాడో కోడలికి తెలియదు.

మాది వరంగల్‌లో కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇళ్ళు. ఎనభైల నడుమ మా ఆయన పోయాక, ముందరి గది ఊరికే ఎందుకు పడి ఉండాలని కిరాయికి పెట్టాను. అతను ఒక ట్రంకు పెట్టె, ఒక చాప పట్టుకుని వచ్చాడు. కిరాయి ఎంతని అడగలేదు, నీళ్ళు ఎట్లా అని అడగలేదు. గుమ్మంలో నిలబడి, మీ ఇంట్లో దుమ్ము ఎంత లేస్తుంది పెద్దమ్మా అని అడిగాడు. నూలు పని చేసే ఇంట్లో దుమ్ము లేవక సాంబ్రాణి పొగ లేస్తుందా అన్నాను. అతను తల ఊపి, సంచిలోంచి ఒక స్టీలు టిఫిన్ డబ్బా తీసి, దీనికి ఎత్తులో ఒక గూడు ఉంటే చాలన్నాడు. డబ్బాలో అన్నం లేదు. చదరంగా, నల్లగా, వంచితే వంగే రేకులు నాలుగున్నాయి. వాటిని ఫ్లాపీలంటారని, కంప్యూటర్‌లో చేసిన పనంతా వాటిలో దాస్తారని చెప్పాడు. ఒక కాలేజీలో కంప్యూటర్ గదిలో ఆపరేటర్‌గా చేస్తున్నాడు.

అతనెవరో నాకు తెలుసు. అదే పేటలో, మా ఇంటికి మూడు గల్లీల అవతల, అతని తండ్రి ఇల్లు ఉంది. అక్కడికి పోకుండా నా ఇంటికి ఎందుకు వచ్చాడో కూడా తెలుసు. పేటంతా ఎరిగిన కథే అది.

డెబ్బైల్లో సంగతి. అతని తండ్రి జంపఖానాల పనిలో మా పేట మొత్తానికి పెద్ద చెయ్యి. ఒక పెద్దింటి పెళ్ళికి చిలుకల వరసలతో జంపఖానా నేస్తూ, చివరి వరస మిగిలి ఉండగా జ్వరంతో మంచం పట్టాడు. పన్నెండేళ్ళ కొడుకుకు పని అప్పటికే వచ్చు. మిగిలింది నువ్వు ఎయ్యి బిడ్డా అన్నాడు. పిల్లవాడు వేశాడు. చిలుకలు ఎర్రగా, ముక్కులు పచ్చగా. పెళ్ళివాళ్ళు జంపఖానాను తిప్పి పంపారు. ఆ ఇంటికి ఎర్ర చిలుకలోళ్ళు అని పేరు పడింది. తండ్రి మంచం మీద ఉంటే వెక్కిరించడానికి చేశాడని అందరూ అనుకున్నారు, తండ్రి కూడా అదే అనుకున్నాడు. గల్లీలోకి ఈడ్చుకొచ్చి పడుగు కర్రతో కొట్టాడు. పిల్లవాడు ఏడవలేదు. నేను మంచిగనే ఏసిన అని ఒకటే మాట అన్నాడు. ఆ మాటకు ఇంకా నాలుగు పడ్డాయి. ఎవరో అడ్డం పోబోతే, కొట్టనీయండి, పొగరు దిగుతది అన్నదాన్ని నేనే. మరుసటి వారం పిల్లవాణ్ణి స్టేషన్ ఘన్‌పూర్‌లో మేనమామ ఇంటికి పంపేశారు. అక్కడే చదువుకున్నాడు. తండ్రీ కొడుకుల నడుమ మాట పోయింది.

ఆ పిల్లవాడే ఇప్పుడు మీసాలతో నా గుమ్మంలో నిలబడ్డాడు. నేనన్న మాట అతను విన్నాడో లేదో నాకు తెలియదు. గది ఇచ్చాను. ఒక్కటే బల్బు, పని లేనప్పుడు ఆర్పాలి, నీళ్ళు రెండు బిందెలు, కట్టెల పొయ్యి నాది ముట్టుకోరాదు అని చెప్పాను. అన్నిటికీ తల ఊపాడు. నేను పెట్టిన నియమాలు నాకంటే అతనే గట్టిగా పాటించాడు. నేను బల్బు ఆర్పడం మరిచిపోతే వచ్చి ఆర్పిపోయేవాడు.

వింత మనిషి. కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రానివ్వరట, దుమ్ము పడుతుందని. అది అలవాటై ఎక్కడికి పోయినా గుమ్మం ముందర చెప్పులు విప్పేవాడు. పోస్టాఫీసులో విప్పేవాడు, మంగలి కొట్లో విప్పేవాడు. ఒకసారి రైలెక్కుతూ ప్లాట్‌ఫారం మీద విప్పి, హైదరాబాద్ దాకా ఉత్త కాళ్ళతో పోయి వచ్చాడు. కంప్యూటర్ తెర మీద అడ్డంగా ఎనభై అక్షరాలు పడతాయట. అందుకని మనుషులు వంద అనే చోట అతను ఎనభై అనేవాడు. నిజమేనా అని అడిగితే, ఎనభైకి ఎనభై నిజం పెద్దమ్మా అనేవాడు. నేను ఏ పని ముగించినా, దాచినవా అని అడిగేవాడు. కరెంటు పోతే కంప్యూటర్ అంతా మరిచిపోతుందని, ముందు దాయాలె తర్వాత దిద్దాలె అని అతని సూత్రం. పప్పు ఉడికింది, ఎక్కడ దాయాలె, నీ ఫ్లాపీల పొయ్యాల్నా అని నేను అడిగితే నవ్వేవాడు.

కూరగాయలు కొనడం మాత్రం రాదు. టమాటాలు ఒక్కొక్కటీ చేత్తో నొక్కి చూసేవాడు. అయినా పచ్చివే తెచ్చేవాడు. కండ్లతోటి కొంటరా చేతులతోటి కొంటరా అని తిట్టేదాన్ని. ఎండు మిరప కోసం ఎనుమాముల మార్కెట్‌కు తోడు తీసుకుపోతే, కంటికి ఆనినంత మేర ఎర్రటి కుప్పల నడుమ నిలబడి, దీంట్ల మంచియి ఏవి పెద్దమ్మా అని అడిగాడు. చదువుకున్నవాడికి లోకజ్ఞానం ఉండదని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆదివారం వస్తే హైదరాబాద్ పోయేవాడు. సాయంత్రానికి ఉత్త చేతులతో వచ్చి, కాళ్ళు కడుక్కుని, డబ్బా గూట్లో పెట్టి, ఈ వారం గూడ దొరకలేదు పెద్దమ్మా అనేవాడు. పెళ్ళి సంబంధం చూడబోయి వచ్చిన తండ్రి చెప్పినట్టు ఉండేది ఆ చెప్పడం. ఏం దొరకలేదు అంటే సాఫ్ట్‌వేర్ అనేవాడు. పిల్లను ఎతికితే ఈపాటికి ఇద్దరు పిల్లలుందురు అనేదాన్ని నేను.

అదేమిటో నాకు అర్థం కావాలని ఒకసారి కాలేజీకి తీసుకుపోయాడు. గది చల్లగా, మార్చురీలా ఉంది. ఉన్నవన్నీ నల్ల తెరలే, వాటి మీద పచ్చటి అక్షరాలు. ఒక మూలన మాత్రం కొత్తగా వచ్చిన రంగుల తెర, టెర్మినల్ అంటారట. దాని ముందు కూర్చుని ఏవో మీటలు నొక్కాడు. తెర మీద వరసగా అక్షరాలు, గుర్తులు, నిండు గళ్ళు పడుతూ పోయాయి. అన్నీ కలిసి చూస్తే చిలుక. ఒళ్ళు పచ్చ, ముక్కు ఎరుపు. జంపఖానా మీద మేము గళ్ళు లెక్కపెట్టి వేసే చిలుకే, అక్షరాలతో వేశాడు. నాకు ఆశ్చర్యమేసింది. బాగుందన్నాను. అతనికి సంతోషం కాలేదు. మెడ దగ్గర ఒక గడి తప్పి పడిందని, అది ఒక్కటీ దిద్దే దారి లేదని చెప్పాడు.

"మగ్గం మీద పోగు తప్పితే ఆ ఒక్క పోగు లాగి ఏస్తం గద పెద్దమ్మా. ఇండ్ల అట్ల లేదు. ఒక్క గడి కోసం అంత మళ్ళ రాయాలె."

తెర మీదే ఆ గడి దగ్గరికి పోయి, ఉన్న రంగు తీసి వేరే రంగు పెట్టి, అక్కడికక్కడ దిద్దుకునే సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఉందని విన్నాడు. దాని కోసమే తిరుగుతున్నాడు. ఇన్లాండ్ కవర్లు కొని తెలిసిన సార్లకు, తెలియని సార్లకు రాసేవాడు. కొందరు జవాబు రాయలేదు. ఒకరు ఆట ఉన్న ఫ్లాపీ పంపారు. హైదరాబాద్‌లో ఒక దుకాణంవాడైతే, జీతాల బిల్లులకు అడుగుతరు, ఉత్తరాలకు అడుగుతరు, అక్షరాలకు రంగులేసుకునేతందుకు అడిగినోన్ని నిన్నే చూసిన అన్నాడట. ఇంత తిప్పలు ఎందుకు పడుతున్నావని అడిగితే, ఒక జంపఖానా దిద్దేది ఉన్నది అని ఊరుకునేవాడు.

అసలు సంగతి ఒక వానాకాలం బయటపడింది. రంగు వేయించిన నూలు లడులు దండెం మీద ఆరేశాను. మబ్బు పట్టింది. నా చేతిలో పిండి ఉంది. ఎర్రయి తడిస్తె రంగు కారుతయ్, ముందుగాల ఎర్ర లడులు లోపలెయ్యి బిడ్డా అని కేకేశాను. అతను ఉరికి, ఆరిపోయిన పచ్చ లడులు ఒక్కొక్కటే జాగ్రత్తగా తీసుకుని లోపల పెట్టాడు. బయట ఎర్రవి తడిసి రంగు నేలకు కారింది. నాకు ఒళ్ళు మండి నోటికి వచ్చింది అన్నాను. ఎప్పుడూ నా తిట్లకు నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు. రెండు చేతుల్లో రెండు లడులు పట్టుకుని నిలబడి, మెల్లగా అడిగాడు.

"వీటిల ఎర్రది ఏది పెద్దమ్మా?"

ఎనుమాములలో అతను నిలబడిన తీరు కళ్ళ ముందు కదిలింది. అరుగు మీద కూర్చుని అప్పుడు చెప్పాడు. చదువు అయ్యాక రైల్వే ఉద్యోగం పరీక్షకు పోతే, డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి ఇందులో ఏ అంకె ఉందన్నాడట. అతనికి అంకె కనిపించలేదు, చుక్కలే కనిపించాయి. ఎరుపూ పచ్చా నీ కంటికి ఒకటే, ఇది పుట్టుకతో వచ్చింది, మందు లేదు అని చెప్పి ఆ డాక్టరు పంపేశాడు. అప్పటికి అతనికి ఇరవై ఒక్కటి. అప్పటిదాకా అతనికే తెలియదు. తెలిసినప్పటినుంచి తెల్ల చొక్కాలు.

మరి టెర్మినల్ మీద చిలుక ఎట్లా సరిగ్గా వచ్చిందంటే, అక్కడ రంగుకు రంగు లేదు పెద్దమ్మా, నంబరు ఉన్నది అన్నాడు. నలుపుకు సున్నా. నీలానికి ఒకటి. పచ్చకు రెండు. ఎరుపుకు నాలుగు. తెలుపుకు ఏడు. నాలుగు అని నొక్కితే ఎరుపే పడుతుంది, అతనికి కనిపించినా కనిపించకపోయినా.

ఈ మాట పోయి మీ నాయనకు చెప్పరాదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్ళకు పోయి కండ్లు కనపడలేదు అంటే, తప్పించుకునేతందుకు కత అల్లిండు అంటడు. ముందుగాల అదే జంపఖానా మంచిగ నేసి ముందట పరవాలె, అప్పుడు చెప్పాలె అన్నాడు. తండ్రికి డెబ్బై దగ్గర పడుతున్నాయి. దగ్గు పట్టుకుంది, నెలలో రెండుసార్లు దవాఖానకు పోయి వస్తున్నాడు.

"నేను కావాల్నని చెయ్యలేదని నాయినకు తెల్వాలె. గంతే పెద్దమ్మా. ఇంకేం వద్దు."

నేను ఆనాడు గల్లీలో అన్న మాట అతనికి గుర్తు చేయలేదు. అతనూ చేయలేదు.

ఆ తర్వాత ఆరు నెలలకు సాఫ్ట్‌వేర్ దొరికింది. కాలేజీకి పరీక్షలు పెట్టడానికి వేరే ఊరినుంచి వచ్చిన ఒక సారు ఫ్లాపీలో, వేరే దేనికోసమో వెతుకుతుంటే, మూలన పడి ఉందట. ఆయనకే అది ఉన్నట్టు తెలియదు. అడిగి కాపీ చేసుకున్నాడు. ఆ సాయంత్రం సైకిలెక్కకుండా, డబ్బాను రెండు చేతులతో పట్టుకుని కాలేజీనుంచి ఇంటిదాకా నడిచి వచ్చాడు. ఎన్నడూ దండం పెట్టని మనిషి ఆ డబ్బాను తెచ్చి మా దేవుని గూట్లో పెట్టాడు. నేను వద్దనలేదు. దొరికింది అన్నాడు. నాకు కూడా ఏదో మా ఇంట్లో సంబంధం కుదిరినట్టే అనిపించింది.

సెలవు రోజుల్లో, పెద్ద సారును అడిగి, టెర్మినల్ ముందు కూర్చున్నాడు. పన్నెండేళ్ళప్పుడు చూసిన జంపఖానాను గడి గడి గుర్తు చేసుకుని వేశాడు, తప్పిన చోట దిద్దాడు, దాచాడు, మళ్ళీ దిద్దాడు. ప్రింటర్‌కు రంగులు లేవు కనుక అంకెలుగా అచ్చు వేశాడు. అంచుల్లో చిల్లులున్న పొడుగాటి కాగితం, మడతలు మడతలుగా. కాగితం నిండా రెండులు, నాలుగులు, ఏడులు. ఎక్కాల పుస్తకం చిరిగి పోగైనట్టుంది. అదే అతని నక్షా, చూసి నేసే పటం.

కాగితం మీద నంబరు చదువుతాడు సరే, బుట్టలో ఉన్న నూలు నంబరు చెప్పదు కదా. దానికి ఉపాయం నేను చేశాను. నేను కొస పోగులు పారేయను, ఇంటినిండా మూటలు కట్టి ఉంటాయి. ఒక్కో లడికి ఒక కొస పోగు కట్టి, దానికి ముళ్ళు వేశాను. పచ్చకు రెండు, ఎరుపుకు నాలుగు, తెలుపుకు ఏడు. మూడు ఏమైంది అంటే, అది లేత నీలం, మన చిలుకకు పని లేదు అన్నాడు. అతను నూలు తీసుకోబోయే ముందు వేళ్ళతో ముళ్ళు తడిమేవాడు. పుస్తకం చదివినట్టే ఉండేది.

మా ఆయన పోయాక మూల పడిన మగ్గం దులిపి పడుగు వేశాం. చేతులకు పని మరపు రాలేదు. కానీ మొదటి చిలుక దిగేసరికి ఇద్దరం నవ్వాం. పొట్టిగా, లావుగా, బాతులా వచ్చింది. కాగితంలో తప్పు లేదు, నంబర్లలో తప్పు లేదు. అతను మూడు రోజులు లెక్కలు వేశాడు. నాకు మాత్రం కాలేజీలో చూసిన తెర గుర్తొచ్చింది. తెర మీద ఒక్కో గడి నిలబెట్టిన అగ్గిపెట్టెలా నిటారుగా ఉంటుంది. మా జంపఖానా గడి అడ్డంగా ఎంతో నిలువుగా అంతే. ఒక్కో వరస రెండుసార్లు ఎయ్యి బిడ్డా అన్నాను. వేశాడు. బాతు చిలుకైంది. ఎనభైకి ఎనభై పెద్దమ్మా అన్నాడు.

మా జంపఖానా మగ్గం మీద పడుగు ఇంటి పొడుగునా సాగి ఉంటుంది. నేసినదాని మీదే కూర్చుని ముందుకు జరుగుతూ పోతాం. పొద్దున డ్యూటీకి ముందర గంటసేపు, ఆదివారాలు పూర్తిగా కూర్చునేవాడు. మూడు నెలలకు చివరి వరస దగ్గరికి వచ్చాడు.

పెద్ద పని ఏదైనా మగ్గం మీంచి కోసే ముందు పేటలో పెద్ద చెయ్యి ఒకరిని పిలిచి చూపించడం మావాళ్ళ అలవాటు. ఆయన చూసి, అరచెయ్యి ఆనిస్తే, అప్పుడు కోస్తారు. నేను మూడు గల్లీలు దాటి పోయి, నా మగ్గం మీద ఒక పని దిగుతాంది, ఆదివారం వచ్చి చెయ్యి పెట్టాలె అన్నా అని అతని తండ్రిని పిలిచాను. ఎవరు నేశారో చెప్పలేదు. ఆయన దగ్గుకుంటూనే సరేనన్నాడు.

శుక్రవారం నాడు పచ్చ నూలు అయిపోయింది. ఇంకా జానెడు మేర ఉంది. అద్దకం ఇంటికి పంపితే నాలుగు రోజులు పడుతుంది, పైగా అంత చిన్న ముక్క కోసం కొత్తగా లడి మొత్తం అద్దించాలి. అటక మీద మా ఆయన నాటి లడి ఒకటి ఉంది. పచ్చదే, కానీ ఎండకు వెలిసి మట్టి రంగుకు దిగింది. దించి వెలుగులో పట్టి చూశాను. తేడా నాకు తెలుస్తూనే ఉంది. ఇది కూడా పచ్చే కదా, జానెడే కదా అనుకున్నాను. వస్తువు దండగ కావడం నాకు పడదు. దానికి రెండు ముళ్ళు వేసి బుట్టలో పెట్టాను. అతను వచ్చి, వేళ్ళతో రెండు ముళ్ళు తడిమి, తీసుకుని నేశాడు.

ఆదివారం పొద్దున్నే ఆయన వచ్చాడు. అతను ముందరి గదిలో తలుపు వెనక నిలబడ్డాడు. ఆయన మగ్గం మొదటి కొస దగ్గర గొంతుక్కూర్చుని, అరచెయ్యి మీద పెట్టి, మెల్లగా జరుగుతూ వచ్చాడు. మొదటి వరస చిలుకల దగ్గర ఆగాడు. ఆ చిలుకలు ఆయనవే. గుర్తుపట్టాడు. చెయ్యి మంచిగున్నది, ఎవలు నేసిన్రు చెల్లె అన్నాడు. నీ కొడుకు అన్నాను.

ఆయన లేచి పోలేదు. అతను వచ్చి నిలబడితే తల ఎత్తి చూడలేదు. చెయ్యి మాత్రం జంపఖానా మీదే ముందుకు జరిగింది. రెండో వరస, మూడో వరస, నాలుగో వరస. చివరి వరస దగ్గర చెయ్యి ఆగింది. నాలుగు చిలుకలు పచ్చగా మొదలై నడుముల దగ్గర మట్టిలోకి దిగిపోయాయి.

"మళ్ళ చివరికి వచ్చినంక నీ బుద్ధి చూపిచ్చినవ్ గద."

అతని ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఏం తప్పిందో అతనికి కనిపించడం లేదు. ఉరికి కాగితం అందుకుని చివరి మడత విప్పి, వేలు పెట్టి వరస వరస చదవడం మొదలుపెట్టాడు. రెండే ఉన్నది నాయినా, నేను రెండే ఏసిన అంటున్నాడు. ఆనాడు నేను మంచిగనే ఏసిన అన్న గొంతు అదే. ఆయన ముఖం బిగిసింది. ఎవనికి చెప్తున్నవ్ లెక్కలు, ఇది పచ్చనా అని లేవబోయాడు.

నేను నోరు తెరిచాను. నూలు తక్కువ పడ్డదన్నా, పాత లడి నేనే ఇచ్చిన, పిలగాని తప్పు లేదు అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. నువ్విస్తే ఇచ్చినవ్ చెల్లె, ఏసేటోనికి కండ్లున్నయ్ గద అన్నాడు.

అతను కాగితం కింద పెట్టాడు.

"నాకు ఎరుపు, పచ్చ ఒక్కతీర్గనే కనబడతయ్ నాయినా."

ఆయన కొడుకును చూశాడు. బుట్టలోంచి రెండు లడులు తీశాడు. ముళ్ళ సంగతి ఎట్లా కనిపెట్టాడో, పనిమంతుడు కదా, కట్టిన కొసలు రెండూ పిడికిళ్ళలోకి మూసి, రెండు చేతులు ముందుకు చాపాడు. ఏది ఎరుపు అన్నాడు. అతను చాలాసేపు చూసి ఒకటి చూపించాడు. అది పచ్చ. ఆయన చేతులు వెనక్కి పెట్టి, మార్చి, మళ్ళీ చాపాడు. మళ్ళీ పచ్చే చూపించాడు. మూడోసారి అతను చెయ్యి ఎత్తలేదు. నాకు తెల్వదు నాయినా అన్నాడు.

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

"అప్పుడు నాకూ తెల్వదు. అందరికి ఇట్లనే కనబడతదనుకున్న."

ఆయన జంపఖానా మీదే కూలబడినట్టు కూర్చున్నాడు. దగ్గు వచ్చింది, చాలాసేపు దగ్గాడు. నేను నీళ్ళిస్తే తాగలేదు. తర్వాత సూది అడిగాడు. సూది కొసతో మట్టి రంగు పోగులు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టాడు. అతను ఎదురుగా కూర్చుని పడుగు బిగువుగా పట్టాడు. జానెడు మేర విప్పేసరికి మధ్యాహ్నమైంది. ఆయన లేచి, ఎవరినీ పంపకుండా, తానే మూడు గల్లీలు నడిచి ఇంటికి పోయి పచ్చ లడి పట్టుకొచ్చాడు. దానికి ముళ్ళు లేవు. పోగు తెంపి కొడుకు చేతిలో పెడుతూ, ఇది పచ్చ అన్నాడు. కొంచెం నేసినాక ఇంకోటి పెట్టి, ఇది ఎరుపు అన్నాడు. ఏది ఎరుపు అని మళ్ళీ అడగలేదు. పొద్దు గూకేదాకా ఆయన పెడుతూనే ఉన్నాడు, చెబుతూనే ఉన్నాడు. ప్రతి పోగుకూ చెప్పాడు. చెప్పక్కర్లేని తెల్ల పోగుకు కూడా చెప్పాడు.

చివర అరచెయ్యి ఆనించి, కొయ్యి అన్నాడు. అతను కోశాడు.

ఆ తర్వాత కూడా అతను నాలుగేళ్ళు మా ముందరి గదిలోనే ఉన్నాడు. తండ్రి ఇంటికి పోయి అన్నం తిని వచ్చేవాడు, పడుకోవడానికి నా ఇంటికే వచ్చేవాడు. ఆ పాత లడి సంగతి నన్ను అడగలేదు. నీవల్లే నోరు విప్పిన పెద్దమ్మా అని ఒకసారి అన్నాడు. నేను చేసిన పనివల్లే తండ్రికి నిజం తెలిసిందని అతనికి కృతజ్ఞత. దానికి నేను తల ఊపాను.

నూలు తక్కువ పడి ఇచ్చానని ఆ రోజు ఇద్దరి ముందర ఒప్పుకున్నాను. అది నిజమే. కానీ నా మగ్గం మీద వేరే ఎవరు కూర్చున్నా ఆ లడి బుట్టలో పెట్టేదాన్ని కాదు. చూసి మొహాన కొడతారని తెలుసు. అటక మీంచి దించి వెలుగులో పట్టి చూసినప్పుడు, వీనికి ఎట్లాగూ కనపడదు అనుకున్నాను. అనుకునే ముళ్ళు వేశాను. ఆ మాట అతను ఉండగా చెప్పడానికి నాలుగేళ్ళు ఒకే గడప లోపల ఉన్నాం. చెప్పలేదు. తండ్రి కొట్టింది తెలియక. నేను తెలిసి చేశాను.